మా తమ్ముడు కాథలిక్ బ్రదర్ అవుతానంటున్నాడు, పంపొచ్చా?

మీ తమ్ముడు ఇంటర్ కాగానే బ్రదర్‌గా చేరతానంటున్నాడని, "ఫాదరైతే సరే, అటూ ఇటూ కాని ఈ బ్రదర్ ఏంది?" అని మీ అమ్మ ఏడుస్తోందని రాశారు. అసలు వీళ్లు పొద్దుగూకులూ ఏం చేస్తారని, ఇందులో కష్టమేందని కూడా అడిగారు. నేను పద్దెనిమిదేళ్లుగా బ్రదర్‌ని. సొంతూరు కావలి దగ్గర. ఇప్పుడుండేది కనిగిరి వైపు ఒక బాయ్స్ హాస్టల్లో. మా అమ్మ కూడా అచ్చం ఆ మాటే అని ఏడ్చింది గనక జవాబు రాయాలనిపించింది.

ముందు ఆ పేరు గొడవ. మన నెల్లూరు, ఒంగోలు వైపు బ్రదర్ అంటే కాథలిక్ బ్రదర్ అని ఎవరికీ తట్టదు. ఒంగోలు చుట్టుపక్కలంతా బాప్టిస్టు మిషన్ నేల. 1878 జూలైలో గుండ్లకమ్మ ఏట్లో ఒకే రోజు 2,222 మందికి క్లౌ దొర మిషన్ వాళ్లు బాప్తిస్మం ఇచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సంఘాల్లో వాక్యం చెప్పే ప్రతి ఒక్కరూ బ్రదరే. నేను బస్సెక్కి బ్రదర్‌ని అంటే పక్కసీటాయన "ఏ సంఘం బ్రదర్? పిల్లలెంతమంది?" అంటాడు. డెబ్బై మంది అంటాను. ఆయన ముఖం చూడాలి!

మన కాథలిక్కుల్లో ఇంకో తికమక. ఫాదర్లు కావడానికి సెమినరీలో చదివే గురువిద్యార్థుల్ని కూడా బ్రదర్ అనే పిలుస్తాం. వాళ్లు గురుపట్టాభిషేకం అయ్యాక ఫాదర్లవుతారు. నేను అవను. ఫెయిలై ఆగిపోయినవాణ్ణి కాదు, ఆ దారిలో బయల్దేరనే లేదు. పూజ, అంటే మాస్, చెయ్యను; పాపసంకీర్తనం, అంటే జనం తమ పాపాలు ఒప్పుకోవడం, వినను. దేవుడికిచ్చే మాటలు, మాటపట్లు అంటాం, అవి మూడు మాత్రం తీసుకున్నాను: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. ఇలా మాటపట్లు తీసుకుని కలిసి బతికేవాళ్ల గుంపును సభ అంటాం. జెసూట్లు, సలేసియన్ల లాంటి సభల్లో ఫాదర్లూ బ్రదర్లూ కలిసే ఉంటారు. సెయింట్ గాబ్రియేల్ మోంట్‌ఫోర్ట్ బ్రదర్ల వంటివి ముఖ్యంగా బ్రదర్ల సభలు. హైదరాబాద్ అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ స్కూలు వాళ్లదే. బ్రదర్ల గురించే రోమ్ 2015లో ఒక పత్రం కూడా వెలువరించింది. అది చదివి మా అమ్మకు తెలుగులో చెప్పాను. అంతా విని, "అయితే పూజ చెయ్యవన్నమాట" అంది.

మీ అమ్మకు అంతకంటే పనికొచ్చే మాట ఒకటుంది. చేరగానే జీవితాంతం కట్టిపడెయ్యరు. కొన్నాళ్లు ఊరికే కలిసుండి చూడటం, తర్వాత కనీసం పన్నెండు నెలల నొవిషియేట్ అనే శిక్షణ, ఆ పైన గడువు పెట్టి తీసుకునే తాత్కాలిక మాటపట్టు. ఇది మామూలుగా మూడు నుంచి ఆరేళ్లు, కావాలంటే తొమ్మిదేళ్ల దాకా పొడిగిస్తారు. గడువు తీరిన రోజున పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు. శాశ్వత మాటపట్టు తర్వాతే వ్యవహారం బరువెక్కుతుంది. అప్పుడు బయటికి రావాలంటే సభను బట్టి బిషప్పో రోమో సరేననాలి. నాతో నొవిషియేట్ చేసిన వాళ్లలో సగం మందికి పైగా వెళ్లిపోయారు. వాళ్ల పెళ్లిళ్లకు నేను వెళ్లి భోంచేసి వచ్చాను.

ఇక రోజు. నాలుగూ ముప్పావుకి లేస్తాను. ప్రార్థనకన్నా ముందు మోటారు వెయ్యాలి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ఐదింటికి కీర్తనలు, తర్వాత అరగంట ధ్యానం. దాచడమెందుకు, ఆ అరగంటల్లో చాలావాటిలో కునికిపాట్లు పడ్డాను. ఆరింటికి పూజ. ఆ తర్వాత రాత్రి పదింటిదాకా పిల్లలే. మా వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. ఊళ్లో ముసలాళ్ల మోకాళ్లు చూస్తే చాలు, కొలిచే పని లేదు. అందుకని ఆర్వో నీళ్ల క్యాన్లు రోజూ లెక్కపెట్టి దింపించుకోవాలి. స్కూల్లో ఎనిమిదికీ తొమ్మిదికీ లెక్కలు చెప్తాను. సాయంత్రం ఆటలు, జపమాల, స్టడీ. నెలకో ఆదివారం క్షవరాలు. మిషనుతో డెబ్బై తలలు. ఇరవయ్యో తల దగ్గర మిషను వేడెక్కుతుంది, నలభయ్యో తల దగ్గర నేను.

గజ్జి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. ఏ హాస్టలైనా వానాకాలం మొదలయ్యిందంటే గజ్జి వస్తుంది. మొదటి ఏడాది తెలివితక్కువగా గోక్కునే పిల్లలకే మందు పూశాను. పది రోజుల్లో అందరికీ పాకింది, నాకు కూడా. ఊరి డాక్టరు తిట్టి మరీ నేర్పాడు: దురద ఉన్నా లేకున్నా అందరికీ ఒకే రాత్రి, మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల సందుల్లో కూడా పెర్మెత్రిన్ పూయాలి. పొద్దున్నే స్నానాలు, దుప్పట్లూ బట్టలూ మరిగే నీళ్లలో. వారం తర్వాత మళ్లీ అదే తతంగం. రాత్రి తొమ్మిదింటికి డెబ్బై మంది చెడ్డీల మీద వరసగా నిలబడి ఉంటారు, ఒకణ్ణి చూసి ఒకడు నవ్వుతా ఉంటారు. చిన్నోళ్లకు వీపు అందదు, ఆ వీపులన్నీ నావే. నా జీవితంలో దేవుడి పని ఏదయ్యా అంటే చాలాసార్లు ఆ వరసే గుర్తొస్తుంది. ఇందుకు గురుపట్టం అక్కర్లేదు, వద్దని ఎవరూ అడ్డు పడరు కూడా.

మా పిల్లల అమ్మానాన్నలు ఎక్కువగా బేల్దారి పనులకు బెంగళూరు, హైదరాబాద్ పోయినవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం నా ఫోను నాది కాదు. మనిషికి మూడు నిమిషాలు. నేను పక్కనే ఉంటాను గనక అన్నీ వినపడతాయి. ఒకడు మూడు నిమిషాలూ వాళ్లమ్మతో మాట్లాడకుండా ఊ కొడతా ఉంటాడు, ఫోను ఇచ్చేసి నేరుగా బావి దగ్గరికి పోయి కూర్చుంటాడు. వాడి వెంట పోకూడదని నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. రాత్రి అన్నాల దగ్గర వాడికి ఇంకో గరిటె పప్పు ఎక్కువ పడుతుంది, అంతే.

మీ అమ్మ అడిగిన "అటూ ఇటూ కాని" మాట నాకూ ఒక రాత్రి గట్టిగా తగిలింది. దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన, వయసులో ఉండగా ఉపదేశిగా, అంటే ఊళ్లో మతపాఠాలు చెప్పేవాడిగా చేసినవాడు, పోయే దశలో ఉన్నాడని కబురొచ్చింది. ఆ ఊళ్లు చూసుకునే ఫాదర్ పూజకని ఎక్కడో దూరపు ఊరికి వెళ్లారు, ఫోను కలవలేదు. నేను బండి మీద పోయాను. ఇంట్లోవాళ్లు తెల్లంగీ చూసి "సామి వచ్చాడు" అని దారిచ్చారు. నేను ఫాదర్‌ని కాదు, వస్తున్నారు అని చెప్పి మంచం పక్కన కూర్చుని జపమాల తీశాను. రెండు జపాలు చెప్పానో లేదో, ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాయనా, అది తర్వాత. నేనో మాట చెప్పాల."

"తాతా, పాపసంకీర్తనం నేను వినకూడదు. ఫాదర్ దారిలో ఉన్నారు."

"తెలుసులేబ్బా. ముప్పై ఏళ్లు జ్ఞానోపదేశం చెప్పినోణ్ణి, నాకే చెప్తావా? క్షమించమని ఎవరన్నారు? ఇనమన్నా."

విన్నాను. గంట పైనే చెప్పాడు, మధ్యమధ్యలో దూదితో పెదాలు తడుపుతా ఉన్నాను. పాపసంకీర్తన రహస్యం నన్ను చట్టప్రకారం కట్టెయ్యదు, అయినా ఆయన చెప్పింది ఇక్కడా ఎక్కడా రాయను. రాత్రి ఒంటిగంట దాటాక ఫాదర్ వచ్చారు. "ఈ పిల్లోడికి అంతా చెప్పేశా సామీ, మళ్లీ చెప్పాల్నా?" అన్నాడు ముసలాయన. చెప్పాలి తాతా అన్నారు ఫాదర్. నేను లేచి బయట గొడ్ల దగ్గర నిలబడ్డాను. లోపల పని పది నిమిషాల్లో అయిపోయింది. వచ్చేటప్పుడు ఫాదర్, "అంతా నువ్వే చేసి పెట్టావు" అన్నారు. మర్యాదకన్నారో నిజంగా అన్నారో తెలీదు. ఆ పది నిమిషాలు నేను ఇవ్వలేను, ఇచ్చేవాడు లేకపోతే ఆ రాత్రి కుదరదు. కానీ ఆ ముందు గంట కూడా ఎవరో ఒకరు కూర్చోవలసిందే కదా.

కష్టం గురించి అడిగారు. బ్రహ్మచర్యం అని అందరూ అనుకుంటారు. అది ఉంది, ముప్పై అయిదు దాటాక ఇంకో రకంగా ఉంది. నన్ను ఎక్కువ నలిపింది మాత్రం డబ్బు. నా జీతం నేరుగా మా సభ ఖాతాకు పోతుంది, నా చేతికి నెలకు సబ్బులకూ చార్జీలకూ సరిపోయేంత వస్తుంది. చెల్లెలి పెళ్లికి అన్నగా ఏదన్నా పెట్టాలని అప్పటి మా సభ పెద్దను అడిగితే, "నీకు కుటుంబం మేమే" అన్నాడు. మాట తప్పు కాదు, అన్న తీరు తప్పు. పెళ్లిలో చెల్లెలికి ఒక జపమాల ఇచ్చాను. బావ తరఫు వాళ్లు చదివింపుల పుస్తకం పట్టుకుని నా ముందు ఆగి, నన్ను చూసి, పక్కాయన దగ్గరికి జరిగారు. పన్నెండేళ్లయింది. ఆ పెద్దను క్షమించానని పాపసంకీర్తనంలో చెప్తా ఉంటాను, మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోందంటే మీకే అర్థమవుతుంది.

మీ తమ్ముడి సంగతి. వాడికి నచ్చింది తెల్లంగీనా, పూజ చేసే బలిపీఠం ముందు నిలబడటమా అన్నది కనుక్కోండి. అదే అయితే సెమినరీకి వెళ్లమనండి, అదీ మంచి దారే. అలా కాకుండా, వాకిలి తెరిచే పని కూడా పనేనని ఒప్పుకునే రకమైతే ఆలోచించండి. మాంట్రియల్‌లో ఆంద్రే బెస్సెట్ అని ఒక బ్రదర్ ఉండేవాడు. దాదాపు నలభై ఏళ్లు ఒక కాలేజీ గుమ్మం దగ్గర కాపలా. 2010లో పునీతుడని ప్రకటించారు. మా హాస్టల్లో తాళాలగుత్తి నా దగ్గర ఉంటుంది కాబట్టి ఆయన పటం ఆ కొక్కెం పైనే పెట్టుకున్నాను.

చాలా సభలు కుర్రాళ్లను వచ్చి చూడమని వేసవిలో పిలుస్తాయి. అప్పుడు హాస్టళ్లు ఖాళీ, మామిడిపళ్లు, పాటలు, అందరికీ దైవపిలుపు వినపడుతుంది. మీరు మాత్రం జూలైలో ఒక నెల ఉండనిమ్మని అడిగి పంపండి. దుప్పటి ఇంటి నుంచే తెచ్చుకోమనండి, మా దగ్గరివి ఆ నెలంతా మరిగే నీళ్లలోనే ఉంటాయి.