మంచు మీద ఆట ఆపే ముందు

బిడ్డా,

లేహ్‌లో ఐస్ స్కేటింగ్ ఆడి వచ్చినప్పటి నుంచి నువ్వు స్కేట్లు ముట్టుకోలేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మోకాలి నొప్పి వల్ల ఈ సీజన్‌తో చాలిస్తానన్నావట. వద్దని నేను అనను. మోకాలు నీది, నిర్ణయం నీది. కాకపోతే ఆట ఎలా ఆపుతావన్నదే నా బెంగ.

ఎరిక్ హైడెన్ సంగతి నీకు తెలుసు కదా. 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో 500 మీటర్ల నుంచి 10,000 మీటర్ల దాకా స్పీడ్ స్కేటింగ్ పందేలు ఐదింటికి ఐదూ గెలిచాడు. అప్పటికి 21 ఏళ్లు. ఆ ఏడాదే స్కేటింగ్ మానేసి సైకిల్ ఎక్కాడు, 1986లో టూర్ డి ఫ్రాన్స్ దాకా వెళ్లాడు. మెడిసిన్ చదివి ఎముకల డాక్టరయ్యాడు. ఆ తర్వాత అమెరికా స్కేటింగ్ టీమ్‌కే డాక్టర్‌గా వచ్చాడు. ఐదు గోల్డ్ మెడల్స్ కన్నా నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

నువ్వూ సైకిల్‌తోనే మొదలుపెట్టు. వంగి స్కేటింగ్ చేసేటప్పుడు పనిచేసే తొడ కండరాలే పెడల్ తొక్కేటప్పుడూ పనిచేస్తాయి. అన్నీ ఒక్కసారి మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ కండ తగ్గిపోతుంది. మోకాలికి ఆసరా ఆ కండే, అందుకే నొప్పి పోకపోగా ఎక్కువ కావచ్చు. ముందు ఫిజియోను అడుగు. సీటు ఎత్తు చూసుకో, పెడల్ బాగా కిందికి పోయినప్పుడు మోకాలు కొంచెమే వంగాలి. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట దాకా పోయి రా, చాలు. శ్రమ తగ్గుతుంది కాబట్టి అన్నం కూడా తగ్గించాలి. మీ అమ్మ ఊరుకోదు, అయినా తగ్గించు.

కాగితాలు మాత్రం ఇప్పుడే సర్దుకో. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో మనకు 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది, కానీ మెడల్ చూపిస్తే సరిపోదు. నేషనల్స్ ఆడినట్టు సంతకాలు, ముద్రలతో ఫారం కావాలి. ఆట మానేసిన రెండేళ్లకు అసోసియేషన్‌లో పాతవాళ్లు ఎవరూ ఉండరు, అప్పుడు ఎవరి వెంట తిరుగుతావు? నోటిఫికేషన్‌లో నీ ఆట పేరు ఉందో లేదో కూడా చూసుకో.

నా మనసులో అసలు మాట కోచింగ్. శివ కేశవన్ ల్యూజ్‌కు, అంటే మంచు మీద వెల్లకిలా పడుకుని జారే చిన్న బండికి, చక్రాలు బిగించి హిమాలయాల రోడ్ల మీద సాధన చేశాడు, ఆరు వింటర్ ఒలింపిక్స్ ఆడాడు. మంచు లేని మన హన్మకొండ పిల్లలకూ చక్రాల స్కేట్లే దిక్కు. చక్రాల మీది నుంచి బ్లేడు మీదికి మారినప్పుడు కాలు ఎక్కడ తడబడుతుందో నీకు తెలిసినంతగా ఇక్కడ ఇంకెవరికి తెలుసు? డిగ్రీ పూర్తి చెయ్యి, పాటియాలా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్ (ఎన్ఐఎస్)లో కోచింగ్ కోర్సు సంగతి కనుక్కో.

ఆదివారం ఫైలు పట్టుకుని ఇంటికి రా. ఏ కాగితం తక్కువుందో కూర్చుని చూద్దాం.

నీ మేనమామ