చిట్టీ, ఆ మూత తొందరపడి ఎత్తకు

తిరుపతి, కొర్లగుంట

చిట్టీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ వాఫిల్ మెషీన్ మూత ఎత్తగానే, ఆ గళ్ల అట్టు సగం పై పలక్కి, సగం కింది పలక్కి అంటుకుపోయింది. మీ పెదనాన్న కళ్లజోడు సర్దుకుని చూసి "ఉప్మానా?" అన్నారు. బాధపడకు, మెషీన్ కొన్న కొత్తలో నాదీ అదే కథ. పైగా నేను చాకు పెట్టి గీకాను. ఆ గీత పడిన చోట ఇప్పటికీ పట్టేస్తుంది. నువ్వు ఆ పని మాత్రం చెయ్యకు. అంటుకుంటే మూసి ఇంకో నిమిషం ఉంచి, చెక్క పుల్లతో అంచు దగ్గర మెల్లగా లేపు.

దోసెలు పోసే చేయే కదా నీది. పెనం కాగకుండా పిండి పోస్తే ఏమవుతుందో నీకు చెప్పాలా? పచ్చ లైటు వెలగగానే పోసేస్తున్నావేమో. లైటు వెలిగాక కూడా మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా కాగనివ్వు. నీళ్లు చిలకరిస్తే చుక్క చిటపటలాడి ఎగిరిపోవాలి.

ఇక అసలు సంగతి మూత. పిండి పోసి మూయగానే అంచుల నుంచి ఆవిరి బుసబుసా వస్తుంది. కాసేపటికి సన్నబడుతుంది, తర్వాత కనపడీ కనపడకుండా వచ్చి ఆగిపోతుంది. అంతవరకూ మూత జోలికి పోకు. ఆవిరి వస్తోందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పైనా కిందా పెచ్చు గట్టిపడి పలకల్ని వదలకముందే ఎత్తితే, పచ్చిగా ఉన్న నడుమ భాగం దగ్గర రెండుగా చీలిపోతుంది. నీ ఫోటోలో జరిగింది అదే. నా మెషీన్‌లో నాలుగైదు నిమిషాలు పడుతుంది, నీదానికి ఎంతో ఆవిరే చెబుతుంది. ఆగాక కొంచెం ఎత్తి చూడు, లాగినట్టు అనిపిస్తే మళ్లీ మూసెయ్.

పిండిలో నూనె తగ్గించావా? డైటింగ్ దీని దగ్గర కుదరదు. కప్పు మైదాకి రెండు స్పూన్ల కార్న్‌ఫ్లోర్, చిన్న స్పూనున్నర బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు, ముప్పావు కప్పు పాలు, నాలుగు పెద్ద స్పూన్ల నూనె. కార్న్‌ఫ్లోర్ వల్ల కరకరలాడుతుంది. చక్కెర ఒక్క స్పూను చాలు. ఎక్కువైతే వేడికి పాకమై పలకల గాళ్లలో జిగురులా పట్టుకుంటుంది. తీపి కావాలంటే పైన పోసుకో. మన చిత్తూరు బెల్లం కరిగించి వడగట్టి పోసుకుంటే ఆ సీసాల సిరప్ ఎందుకూ పనికిరాదు.

శనివారం మీ అత్తగారింట్లో గుడ్డు ముట్టరు కాబట్టి ఆ రోజు అర కప్పు పెరుగు, పావు స్పూను సోడా వేసి, పాలు తగ్గించు. గుడ్డు లేని వాఫిల్ మెత్తగా ఉండి తొందరగా చిరుగుతుంది, ఇంకో నిమిషం ఎక్కువ కాలనివ్వు.

పలకలకి వెన్న రాయకు, అందులో ఉన్న పాల పదార్థం మాడి నల్లగా పేరుకుంటుంది. నెయ్యో నూనో బ్రష్‌తో గాళ్లన్నిటికీ పలచగా పట్టించు, పై పలకనీ మర్చిపోకు. డబ్బాలో వచ్చే స్ప్రే ఉంది చూశావా, నాకు దాని మీద కోపం. వాడగా వాడగా బంకలాంటి పొర కట్టి, అదే అంటుకోవడానికి కారణమవుతుంది. ఇప్పటికే కట్టి ఉంటే, ప్లగ్ తీసి, చల్లారాక తినేసోడా ముద్ద మెత్తటి పాత బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడువు. మెషీన్‌ని కుళాయి కింద పెట్టావో, అయిపోయింది.

మొదటి వాయి ఎలా వచ్చినా పట్టించుకోకు, మనం పొంగణాలు వేసినప్పుడూ అంతే కదా. తీసిన వాటిని పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేర్చకు, చెమ్మ పట్టి మెత్తబడతాయి. జాలీ మీద విడివిడిగా పెట్టు.

బెల్లం అచ్చులు రెండు మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను. ఆదివారం చేసి ఫోటో పెట్టు, మీ పెదనాన్నకి చూపించాలి.

మీ పెద్దమ్మ