ఆ మూడున్నర లక్షలు కదపకండమ్మా

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 25 ఏళ్లు. బీకాం అయ్యాక మూడేళ్లుగా ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నా. జీతం 22 వేలు, అందులో 10 వేలు ఇంట్లో ఇస్తా. యూకేలో ఎమ్మెస్సీ అకౌంటింగ్ అండ్ ఫైనాన్స్‌లో సీటు వచ్చింది. ఏడాది కోర్సు, ఫీజు 18,000 పౌండ్లు, సెప్టెంబరులో చేరాలి. అన్నీ కలిపి 37 లక్షలు అవుతోంది. ఇల్లు తనఖా పెడితే బ్యాంకు 10.5 శాతం వడ్డీకి 30 లక్షలు ఇస్తానంది, 10 శాతం మార్జిన్, అంటే చేతి డబ్బు, మాది. మిగిలిన 7 లక్షలకు నాన్న ఎఫ్‌డీ మూడున్నర లక్షలు, అమ్మ బంగారం మీద లక్షన్నర, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు అనుకున్నాం. నాన్నకు 52. సొంత ట్యాక్సీ, యాత్రికులను కొండకు తిప్పుతారు. డీజిల్, రిపేర్లు పోను నెలకు 40–45 వేలు మిగులుతాయి. బండి కిస్తీ 14 వేలు, ఇంటి ఖర్చు 24 వేలు. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. నాన్నకు ఏడేళ్లుగా షుగర్, మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంది. ఇన్సూరెన్స్ ఉంది. నా దగ్గర 90 వేలు ఉన్నాయి, ల్యాప్‌టాప్, చలి కోట్లు, సూట్‌కేసులకు. ఎఫ్‌డీ బ్రేక్ చేస్తే ఎంత నష్టపోతాం? యూనివర్సిటీకి డిపాజిట్ ఇంకా కట్టలేదు.

జవాబు: ఎఫ్‌డీని మధ్యలో తీస్తే వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు. మూడున్నర లక్షల మీద అది ఎంతని? బ్యాంకులో కౌంటర్ దగ్గర అడిగినా చెప్తారు. ఆ డబ్బు తీసేశాక మీ ఇంట్లో ఇంకేం మిగులుతుందో మాత్రం మీరు అడగలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏమీ మిగలదు. పిల్లలను పై చదువులకు పంపే ఇళ్లలో నేను మళ్లీ మళ్లీ చూస్తున్న పొరపాటు ఇదే కాబట్టి, మీ పేరు తీసేసి అందరి ముందూ జవాబిస్తున్నాను.

ముందు ఆ ఇన్సూరెన్స్ సంగతి. 'ఉంది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ ఇన్సూరెన్సో కాపీ పంపమంటే ట్యాక్సీ పాలసీ పంపారు! అందులో ఓనర్ కమ్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా ఉన్న మాట నిజమే. బండి ప్రమాదంలో ప్రాణం పోయినా, కాలో చెయ్యో పోయినా అది పనికొస్తుంది. షుగర్ ముదిరి కాలికి పుండు పడినా, ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరినా అందులోంచి పైసా రాదు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉందని అంటారేమో. మంచిదే, ఉండనివ్వండి. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో. నాన్నగారు రెండు నెలలు బండి ఎక్కలేకపోతే కిస్తీ కట్టేది ఆ కార్డు కాదు.

మీ 37 లక్షల లెక్కను విడదీసి చూశాను. పౌండు 120 రూపాయల చొప్పున ఫీజు 21.6 లక్షలు. లండన్ బయట చదివేవాళ్లు వీసా కోసం నెలకు 1,171 పౌండ్ల లెక్కన తొమ్మిది నెలల ఖర్చు చూపించాలి, అది 12.65 లక్షలు. అక్కడి ప్రభుత్వ వైద్యానికి ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌ఛార్జి అని ముందే కట్టించుకుంటారు. మీ కోర్సుకు 1,164 పౌండ్లు, దగ్గర దగ్గర లక్షా 40 వేలు. ఆపైన వీసా ఫీజు, టికెట్. పాతికేళ్ల ఆరోగ్యవంతురాలైన మీకు అక్కడ జ్వరం వస్తే చూడటానికి లక్షా 40 వేలు ముందే లెక్కలో రాసుకున్నారు. ఇక్కడ 52 ఏళ్ల షుగర్ మనిషికి ఆ లెక్కలో ఒక గడి కూడా లేదు. ఎందుకంటే యూకే వాళ్లు అడిగారు, నాన్నగారు అడగలేదు.

మీరు వెళ్లాక ఇంటి నెలసరి చూడండి. మీరిచ్చే 10 వేలు ఆగిపోతాయి. 40–45 వేలలో కిస్తీ, ఇంటి ఖర్చు పోను మిగిలేది 2 వేల నుంచి 7 వేలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చే 2 లక్షలకు నెలకు 4 వేలు. బంగారం మీద వడ్డీ వెయ్యి పైన. తమ్ముడి కాలేజీ ఫీజు నేనింకా కలపలేదు. అంటే బండి రోజూ తిరిగితేనే ఆ ఇల్లు గట్టున ఉంటుంది. ఒక్క నెల ఆగితే అప్పు చేయాలి.

రోజూ తిరుగుతుందా? తిరుపతిలో ఉంటూ ఈ ప్రశ్నకు జవాబు తెలియనివాళ్లు ఉండరు. 2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు, మళ్లీ భక్తులను రానిచ్చింది జూన్ 11న. ఆ ఏడాది నా దగ్గరికి ఒక ట్యాక్సీ డ్రైవర్ తన డైరీ పట్టుకొచ్చాడు. పద్ధతైన మనిషి. ఏ రోజు ఎన్ని ట్రిప్పులు, డీజిల్ ఎంత, చేతికొచ్చింది ఎంత, అన్నీ నీలం ఇంకుతో వరసగా రాసుకున్నాడు. మార్చి మూడో వారం తర్వాత పేజీలు తెల్లగా ఉన్నాయి. ఏప్రిల్ చివర్లో మళ్లీ రాత మొదలైంది, ఈసారి ట్రిప్పులు కావు. 'బావమరిది 5,000.' 'అంగడి బాకీ 3,200.' 'గాజులు, 60,000.' జూన్‌లో కొండ తెరిచారు, అయినా రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టి పంపడంతో ఆయనకు గిరాకీ వెంటనే రాలేదు. ఆ గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆయన దుబారా మనిషి కాదు, తాగుడు లేదు. బ్యాంకులో నాలుగు నెలల ఖర్చు లేదు, అంతే. 2021 నవంబరు వానలప్పుడు, ఆ వెంటనే డిసెంబరు మొదట్లో రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడ్డప్పుడు మళ్లీ ఆయనే ఫోన్ చేశాడు.

ఈ మాటలు నాన్నగారికి చెప్పక్కర్లేదు, నాకంటే ఆయనకే బాగా తెలుసు. కూతురి చదువు అనేసరికి పక్కన పెట్టేశారు.

మీ ఇంటికి నెలకు తప్పనిసరి ఖర్చు 38 వేలు. ఆరు నెలలకు 2 లక్షల 28 వేలు. ట్యాక్సీ ఇల్లు కాబట్టి తొమ్మిది నెలలకు లెక్కేస్తాను, 3 లక్షల 42 వేలు. మీ నాన్నగారి ఎఫ్‌డీ దాదాపు అంతే ఉంది. అది మార్జిన్ డబ్బు కాదమ్మా, మీ ఇంటి అత్యవసర నిధి. పేరు పెట్టుకోలేదు కాబట్టి మిగులు డబ్బులా కనిపిస్తోంది. దాన్ని ముట్టుకోకండి. అందులో లక్ష తీసి అమ్మానాన్నల జాయింటు సేవింగ్స్ ఖాతాలో వేయండి, మిగతాది లక్ష ఒకటి, లక్షన్నర ఒకటి ఎఫ్‌డీలుగా చేసి, ఇద్దరిలో ఎవరు వెళ్లినా తీసుకునేలా రాయించండి. ఏటీఎం కార్డు పిన్ అమ్మకు తెలుసా? ఒకసారి ఆమె చేత మిషన్ దగ్గర వెయ్యి రూపాయలు తీయించి చూడండి. చాలా ఇళ్లలో డబ్బు ఉండి కూడా ఆసుపత్రి కౌంటర్ దగ్గర అప్పు చేసేది ఇక్కడే.

ఇంకో సంగతి. మీరు కట్టాల్సింది దాదాపు 30 వేల పౌండ్లు. పౌండు 5 రూపాయలు పెరిగిందంటే లక్షన్నర అదనం. ఫీజు రెండో వాయిదా కట్టే నాటికి అలా పెరిగితే ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ ఆ రెండు రూపాయల పెద్దమనిషి దగ్గరికేగా.

ఆయన సంగతికొద్దాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మీరు ఆడిటర్ ఆఫీసులో కూర్చుని, అకౌంటింగ్‌లో పీజీ చేయబోతూ, దాన్ని 'రెండు రూపాయలు' అని రాయడం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీ దగ్గరికి వచ్చే క్లయింటు బ్యాలెన్స్ షీట్‌లో అలా రాస్తే ఒప్పుకుంటారా? రెండేళ్లలో 96 వేలు వడ్డీ కడతారు, 2 లక్షల అసలు అసలుగానే ఉంటుంది. ప్రోనోటు మీద నాన్నగారి సంతకం, ఖాళీ చెక్కులు రెండో మూడో తప్పకుండా అడుగుతాడు. చెక్కు బౌన్సయితే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే కేసు అది, ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. ఎంత తెలిసినవాడైనా సరే, ఈ అప్పు వద్దు. దీనిమీద బేరం లేదు. తప్పనిసరైతే అమ్మ బంగారం బ్యాంకులో పెట్టండి, అది నయం. అదైనా చివరి ఆసరా అని గుర్తుపెట్టుకుని.

బ్యాంకు రుణం మీద నాకు అభ్యంతరం లేదు, కానీ కిస్తీ లెక్క వేసుకున్నారా? కోర్సు ఏడాది, ఆ తర్వాత మరో ఏడాది కట్టక్కర్లేదంటారు. ఈలోగా వడ్డీ 5 లక్షల పైమాటే పేరుకుంటుంది. 35 లక్షలకు పదేళ్ల వాయిదా అంటే నెలకు 47 వేలు. అక్కడ ఉద్యోగం దొరికితే 390 పౌండ్లు, కట్టగలరు. దొరక్క తిరిగొస్తే ఇక్కడ ఆ కిస్తీకే జీతమంతా పోతుంది, తనఖాలో ఉన్నది మీరు పుట్టి పెరిగిన ఇల్లు. చదువయ్యాక రెండేళ్లు ఉండొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పి ఉంటారు. 2027 జనవరి 1 నుంచి పెట్టే దరఖాస్తులకు ఆ గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే. మీరు ఈ సెప్టెంబరులో వెళ్లినా దాని కిందికే వస్తారు. వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ సంపాదనను లెక్కలోకి తీసుకోకండి. విద్యా రుణం వడ్డీ మీద పన్ను మినహాయింపు గురించి ఎవరైనా చెప్తే విని వదిలేయండి, మీ నాన్నగారి ఆదాయానికి దాంతో పనిలేదు.

కాబట్టి నా మాట: ఈ సెప్టెంబరు వద్దు. వచ్చే సెప్టెంబరుకు వెళ్లండి. డిపాజిట్ కట్టలేదన్నారు కాబట్టే ఇంత ధైర్యంగా చెప్తున్నాను. ఈ ఏడాదిలో ఇదే కోర్సు 14,500 పౌండ్ల లోపు ఉన్న యూనివర్సిటీ వెతకండి, స్కాలర్‌షిప్ పోను అంతకు వచ్చినా సరే. 4 లక్షల 20 వేలు అక్కడే తగ్గుతాయి. మొత్తం 33 లక్షల లోపు అవుతుంది, మీ వాటా 3 లక్షల 30 వేలు. బంగారం లక్షన్నర, మీ 90 వేలు, ఏడాదిపాటు నెలకు 10 వేలు దాస్తే లక్షా 20 వేలు. సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా. ఫీజు కాస్త పెరిగినా ఆ మిగులులో సర్దుకోవచ్చు. ల్యాప్‌టాప్ పాతదే తీసుకెళ్లండి. బ్యాంకులో కాగితాలు మళ్లీ తిప్పాలి, విసుగే. తిప్పండి.

వెళ్లే ముందు రెండు పాలసీలు. ఒకటి, అమ్మానాన్నలకు, తమ్ముడికి కలిపి ఆరోగ్య బీమా, 10 లక్షలకు తగ్గకుండా. ఈ నెలలోనే తీసుకోండి, మీరు ఫ్లయిట్ ఎక్కేటప్పుడు కాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగమనే పాలసీలే ఎక్కువ. ఇప్పుడు మొదలుపెడితే మీరు చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే నాటికి ఆ గడువులో చాలావరకు గడిచిపోతుంది. ఫారంలో షుగర్ ఉందని, ఏడేళ్లుగా అని, ఏ మాత్రలో కూడా రాయండి. 'రాయకపోతే ప్రీమియం తగ్గుతుంది' అనే ఏజెంటు ఎదురైతే అక్కడే దండం పెట్టి వచ్చేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ కూడా లేదు, ఇంకా దేనికోసం ఆగడం?

రెండోది మీ పేరు మీద 40 లక్షల టర్మ్ పాలసీ, నామినీ నాన్నగారు. మీకేదైనా అయితే అప్పు ఆయన నెత్తిన, ఇల్లు బ్యాంకు చేతిలో. ఈ మాట రాయడం నాకూ ఇష్టం లేదు. కానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడుతున్నది ఆయనే. ఉద్యోగంలో ఉండగానే, జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే తీసుకోండి. బ్యాంకు వాళ్లు ప్రీమియం మొత్తం రుణంలోనే కలిపేస్తాం అంటారు, దానికీ వడ్డీ కడతారు. వద్దు.

ఈ ఏడాదిలోపు మనసు మారితే దారులు లేకపోలేదు. డిగ్రీలో 55 శాతం ఉంటే సీఏ ఇంటర్‌లో నేరుగా చేరొచ్చు, సీఏ దగ్గర చేసే శిక్షణ, ఆర్టికల్‌షిప్, ఇప్పుడు రెండేళ్లే. ఉద్యోగం చేస్తూ యూకే వాళ్ల అకౌంటింగ్ కోర్సు ఏసీసీఏ రాయొచ్చు, అయితే దాంతో ఇక్కడ ఆడిట్ మీద సంతకం పెట్టే హక్కు రాదు. యూకే ఎమ్మెస్సీతో కూడా రాదు, ఆ సంగతి మీ ఆడిటర్ గారిని అడగండి. ఎస్వీ యూనివర్సిటీలో ఎంకాం ఇంటి పక్కనే ఉంది.

ఆ 2 లక్షలు ఈపాటికే తెచ్చి ఇంట్లో పెట్టుకుని ఉంటే రేపే తిరిగిచ్చేయండి. నెల తిరక్కపోయినా నెల వడ్డీ అడుగుతాడు, 4 వేలు, ఇచ్చేయండి. నాన్నగారి వెంట మీరూ వెళ్లండి. ప్రోనోటు, ఆ ఖాళీ చెక్కులు లెక్కపెట్టి చేతికి తీసుకున్నాకే అక్కడి నుంచి లేవండి.