ఆ మెయిల్ చదవాల్సింది మీరు కాదు

ప్రశ్న: మేం చాలా ఏళ్ళుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయికి 23 ఏళ్ళు. ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసి బేస్‌బాల్‌లోకి వెళ్ళాడు. మైనర్ లీగ్‌లో, అంటే పెద్ద లీగ్ కింది మెట్టులో, టెక్సాస్ లీగ్ జట్టొకదానికి పిచర్, బంతి విసిరేవాడు. మోచేతి లిగమెంట్ బాగుచేసే టామీ జాన్ ఆపరేషనై ఏడాది పైన ఆటకి దూరమయ్యాడు. మళ్ళీ ఆడటం మొదలుపెట్టినప్పట్నుంచీ ఆదివారాలు జట్టువాళ్ళతో చాపెల్ అనే క్రైస్తవ ప్రార్థనలో కూర్చుంటున్నాడట. ఈమధ్య నాకో పెద్ద మెయిల్ పెట్టాడు. ‘గెలిపించమని దేవుణ్ణి అడగనమ్మా. అవతల బ్యాట్ పట్టుకున్నవాడూ దణ్ణం పెట్టుకునే వచ్చుంటాడు. భయపడకుండా బంతి వదిలే ధైర్యమిస్తే చాలు. చేతికి కట్టుతో కూర్చున్నన్నాళ్ళూ, బంతి విసరకపోతే నేనెవర్ని అనే ఆలోచనే నన్ను తినేసింది’ అని రాశాడు. మతం మారిపోతాడేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. చదువు మానేసినప్పట్నుంచీ మావారు వాడితో మాట్లాడరు. స్కోర్లు మాత్రం ఫోన్లో చూస్తారు, నేను గమనిస్తే తిప్పేస్తారు. వాణ్ణి మన దారికెలా తెచ్చుకోవాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరడిగిన దానికి ముందు జవాబు చెప్పేస్తాను. మతం మారుతున్నానని మీవాడు ఎక్కడా అనలేదు. ఆదివారం కూడా మ్యాచ్‌లుంటాయి కాబట్టి చర్చికి పోలేని ఆటగాళ్ళ కోసం, ఆటకి ముందు స్టేడియంలోనే చాపెల్ పెట్టడం అక్కడ 1970ల నుంచీ ఉన్నదే. బస్సుల్లో ఊరూరా తిరిగే కుర్రాడికి నలుగురితో కలిసి కాసేపు కళ్ళు మూసుకోవాలనిపించింది. రేపు నిజంగానే ఇంకో దేవుణ్ణి నమ్ముకున్నా, ఆ వయసు వచ్చినవాడి నమ్మకం వాడిది. మీరు బాధపడండి, కాదనను. కాళ్ళావేళ్ళా పడొద్దు.

నాకు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపించింది మీరు చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసిన సంగతి. కొడుకుతో మాట్లాడని తండ్రి, వాడి స్కోరు దొంగచాటుగా చూసుకుంటున్నాడు. ఆ మెయిల్ మీకొచ్చింది గానీ, రాసింది ఆయనకి. ‘బంతి విసరకపోతే నేనెవర్ని’ అని తల్లి దగ్గర ఏ కొడుక్కీ అనుమానం రాదు. మార్కులు చూశాక మాట్లాడే మనిషి ఇంట్లో ఉన్నప్పుడే వస్తుంది. ఒకప్పుడు మార్కులు, ఇప్పుడు స్ట్రైకవుట్లు, అంటే తన బంతులతో అవుట్ చేసిన బ్యాటర్ల లెక్క.

గెలుపు దేవుణ్ణి అడిగే వస్తువు కాదని మీవాడు ఒక్కడే అనుకోవట్లేదు. న్యూయార్క్ యాంకీస్ జట్టు పిచర్ మరియానో రివెరా గొప్ప భక్తుడు. 2001లో పెద్ద లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, చివరి ఇన్నింగ్స్‌లో, ఒక్క పరుగు ఆధిక్యం చేతిలో పెట్టుకుని అరిజోనాకి ఓడిపోయాడు. గెలిచి ఉంటే సహచరుడు ఎన్రిక్ విల్సన్ విజయోత్సవ ఊరేగింపు దాకా ఆగి, ఆ తర్వాత విమానంలో ఇంటికి వెళ్ళేవాడు. ఓడిపోవడంతో ముందే వెళ్ళిపోయాడు. అతను ఎక్కాల్సిన విమానం నవంబర్ 12న న్యూయార్క్‌లో కూలి, అందులోని 260 మందీ పోయారు. ఓడిపోయినందుకు సంతోషమే, నా స్నేహితుడు మిగిలాడు అన్నాడు రివెరా. మరి పోయినవాళ్ళ మాటేమిటని నాకు వెంటనే అనిపిస్తుంది, ఆ లెక్క నాకు మింగుడుపడదు. కానీ తన జీవితంలోని అతిపెద్ద ఓటమిని అలా చూడగలిగిన మనిషి మర్నాడు మళ్ళీ బంతి పట్టుకోగలడు. మీవాడు వెతుక్కుంటున్నది అదే.

మీవారి కోపం నాకు అర్థం కాకపోలేదు. పదిమంది చేరిన చోట ‘మీవాడు ఏం చేస్తున్నాడండీ’ అంటే గుటకలు మింగాల్సి రావడం చిన్న బాధ కాదు. చదువు ఆపితే ఏ తండ్రయినా తిడతాడు, తిట్టే హక్కూ ఉంది. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న కొడుకుని పలకరించకపోవడం మాత్రం పెద్దరికం అనిపించుకోదు. ఆ మాట ఆయనకి సూటిగా చెప్పండి, నేనన్నానని కూడా చెప్పండి. ఆయనకి అంకెలు నచ్చుతాయి కాబట్టి ఇంకోటీ చెప్పండి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి ఈ ఆపరేషన్ చేసిన పిచర్ టామీ జాన్, 1975 సీజనంతా ఆడలేదు. 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. అతని 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాతవే.

మీ అబ్బాయినీ వదలను. బ్యాటర్లకి భయపడనివాడు తండ్రికి ఫోన్ చేయడానికి భయపడి, అమ్మ కొంగు చాటు నుంచి ఉత్తరాలు రాస్తున్నాడు. మీరేమో ఇద్దరి మధ్యా కబుర్లు మోసి, ఆ మౌనం ఇద్దరికీ సుఖంగా ఉండేలా చేశారు. ఇక మోయకండి. ‘వాడెలా ఉన్నాడు’ అని ఆయనడిగితే ఫోన్ ఆయన చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోండి. ఆ మెయిల్ కూడా ఆయనకి పంపేయండి, మీవాడికి చెప్పే పంపండి.

వాళ్ళ జట్టు మీ డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి ఆడటానికి వస్తుంది కదా. ఒక్కో సిరీస్ మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు మ్యాచ్‌లు. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ (స్టార్టర్) అయితే మీవాడు వారానికి ఒకట్రెండు సార్లే బంతి వేస్తాడు, ఏ రోజో ముందే తెలుస్తుంది. ఆ రోజు కాకుండా, వాడు జట్టు కూర్చునే డగౌట్‌లో ఖాళీగా కూర్చునే రోజు చూసి మీవారికి టికెట్ తీయండి. ఆట అయ్యాక ఇద్దరూ ఎక్కడైనా భోంచేయాలి. మీరు వెంట వెళ్ళకండి.