ఆ ఒక్క ‘ట’ కొట్టెయ్యకు, అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నువ్వు తీసుకున్న ప్రాజెక్టు సంగతి చెప్పాడు. అమెరికా రేడియోలో రాజకీయాలు మాట్లాడి పేరు తెచ్చుకున్న రష్ లింబా మీద వచ్చిన జాత్యహంకార ఆరోపణల్లో ఏ మాట ఆయన నిజంగా అన్నాడు, ఏది ఆయన నోట్లో పెట్టారు అని ఒక్కొక్కటీ తేలుస్తావట. మీ పెద్దమ్మకి చెబుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. ముప్పై ఏళ్లు పేపరు డెస్కులో నేను చేసిన పనే, మన ఇంట్లో పిల్ల అంత దూరంలో కూర్చుని చేయబోతోంది. ఆ సంతోషం మంచం ఎక్కేదాకానే. తర్వాత నిద్ర పట్టలేదు.

నువ్వు చదివేది మిస్సోరీలో. ఆయన పుట్టింది ఆ రాష్ట్రంలోనే, కేప్ జిరార్డోలో. 2012లో జెఫర్సన్ సిటీ చట్టసభ భవనంలో ఆయన విగ్రహం కూడా పెట్టారు. 2021లో పోయినా ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు నీ చుట్టుపక్కలే ఉంటారు. 2017 ఫిబ్రవరిలో మన శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపిన కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత నీకు కారులో రెండు గంటల పైచిలుకు దూరమే. మ్యాపు తీసి చూశాను. అందుకే ముందు ఇది రాస్తున్నా: ఎవరినైనా కలవాలంటే ఒంటరిగా వెళ్లకు. ఎక్కడికి, ఎవరితో వెళ్తున్నావో మీ ప్రొఫెసర్‌కి, నీ రూమ్మేట్‌కి చెప్పి వెళ్లు. నీ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు దేనిమీదా కనపడనివ్వకు. వీసా కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో మళ్లీ చూసుకో. భయపెడుతున్నానని విసుక్కోకు, ఇది రాయకపోతే మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

ఇక పని. నీకు తెలిసినవి నేను చెప్పక్కర్లేదు: పూర్తి ఆడియో విను, తేదీ రాసుకో, స్టేషన్ పేరు రాసుకో, అవతలివాళ్లని అడుగు. పాత టీవీ ప్రసారాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మాట కొట్టి వెతకొచ్చట కదా. కింద వచ్చే క్యాప్షన్లు తప్పులు పోతాయి, చెవితో విన్నాకే రాయి.

2009 అక్టోబరులో ఏం జరిగిందో మాత్రం బాగా చదువు. సెయింట్ లూయిస్ రామ్స్ ఫుట్‌బాల్ జట్టుని కొనడానికి ముందుకొచ్చిన బృందంలో లింబా ఉన్నాడు. అది బయటికి రాగానే రెండు మాటలు పేపర్లలో, టీవీల్లో తిరిగాయి. బానిసత్వం వల్ల మంచి కూడా జరిగిందన్నాడని ఒకటి. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన జేమ్స్ ఎర్ల్ రేకి పతకం ఇవ్వాలన్నాడని ఇంకొకటి. ఏ రోజు, ఏ ప్రసారంలో? ఎవరి దగ్గరా టేపు లేదు, తేదీ లేదు. వెనక్కి వెళ్తే 2006లో వచ్చిన ఒక పుస్తకం దగ్గర, ఎవరైనా మార్చగలిగే వికీకోట్ అనే కొటేషన్ల వెబ్‌సైటు పేజీ దగ్గర దారి ఆగిపోయింది. ఆ పుస్తకంలోనూ ఆధారం లేదు. ఆ మాటల్ని టీవీల్లో చదివి వినిపించినవాళ్లు కొందరు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. బృందంలోంచి ఆయన్ని తప్పించారు, నిజమే. కానీ ఆయన వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాసి, అన్యాయం జరిగింది తనకేనని చెప్పుకోగలిగాడు.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, ఆయన నిజంగా అన్న మాటలకి కొరత ఉందా? 2003లో ఈఎస్‌పీఎన్ అనే క్రీడల టీవీ ఛానెల్లో, డోనవన్ మెక్‌నాబ్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు నల్లజాతివాడు కాబట్టే మీడియా అతన్ని పైకెత్తుతోందన్న అర్థం వచ్చేలా మాట్లాడి ఆ ఉద్యోగం వదులుకున్నాడు. 2007లో ఫుట్‌బాల్ ఆటగాళ్లని లాస్ ఏంజెలెస్ వీధి ముఠాలతో పోల్చాడు. కుర్రతనంలో పిట్స్‌బర్గ్ రేడియోలో ఫోన్ చేసిన ఒక నల్లజాతి మనిషిని ముక్కులో ఎముక తీసి మళ్లీ చెయ్యమన్నాడు. దానికి టేపు లేదు, కానీ 1990లో న్యూస్‌డే పత్రికతో తానే ఒప్పుకున్నాడు. టేపు లేని మాటలన్నీ ఒక గాటన కట్టకు. మనిషి తానే ఒప్పుకుంటే అదో రకం ఆధారం. ఎవరో అన్నారని ఇంకెవరో రాస్తే అది వేరు.

ఈ సంగతి మీ నాన్నకి కూడా చెప్పలేదు. నీకు చెప్తున్నా.

1986, కోతల ముందు. అప్పట్లో ఊళ్లలోని కంట్రిబ్యూటర్లు వార్తలు రాసి కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సులో పంపేవాళ్లు. ఆ రాత్రి చివరి బస్సు కవరు వచ్చేసరికి పది దాటింది. ఒక ఊరి పెద్ద సభలో మాట్లాడుతూ పేటలో ఉండే దళిత కూలీలని నీచంగా తిట్టాడని వార్త. ఆ తిట్టు ఇక్కడ రాయను. కంట్రిబ్యూటర్ రాసింది ‘అన్నాడట’ అని. నాకు రక్తం మరిగింది. ఎర్రపెన్నుతో ఆ ‘ట’ కొట్టేశాను. ‘అన్నాడు’ అయింది. తిట్టుకి అటూ ఇటూ కొటేషన్ మార్కులు పెట్టాను. అదే హెడ్డింగ్ చేశాను. ఫోన్ చేసి కంట్రిబ్యూటర్‌ని ‘నువ్వు విన్నావా?’ అని అడగలేదు. ఎడిషన్ టైమైపోతోందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి, అడిగితే ‘వినలేదండీ’ అంటాడేమోనని భయపడ్డాను.

నాలుగో రోజు ఆ పెద్దమనిషి తరఫువాళ్లు క్యాసెట్ పట్టుకుని వచ్చారు. మైకు సెట్టు కుర్రాడు సభ మొత్తం రికార్డు చేశాడు. మా ఎడిటర్ గదిలో కూర్చుని విన్నాం. ఆ తిట్టు ఎక్కడా లేదు. చాలా మర్యాదగా, మెల్లగా ఒకటే అన్నాడు: ఈ ఏడు కోతలకి ఆ పేటవాళ్లని ఎవరూ పిలవొద్దని. ఆ మాట విని మేమంతా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. కానీ అప్పటికే ఓడిపోయాం. మర్నాడు మా పేపర్లో సవరణ వేశాం. విచారణకి వచ్చిన అధికారికి ఆయన ఆ సవరణే చూపించాడు. అధికారి కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆ కోతలకి పక్క ఊళ్ల కూలీలు వచ్చారు.

వారం తర్వాత పేట నుంచి ఒకావిడ ఆఫీసుకి వచ్చింది. పాలిథీన్ కవర్లో మడతపెట్టిన మా పేపరు. నా బల్ల మీద పరిచి, ఆ హెడ్డింగ్ మీద వేలు పెట్టి, ‘బాబూ, ఈ మాట మేమెవరం వినలేదు. మాకు పని చెప్పొద్దన్నాడు, అది విన్నాం. అదే రాస్తే సరిపోయేది కదా’ అంది. కోపం లేదు ఆ గొంతులో. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

నీ ప్రాజెక్టులో ఆయన మీద కోపం నీకూ వస్తుంది. రావాలి కూడా, రాకపోతే నువ్వు మన పిల్లవే కాదు. ఆ కోపం వచ్చిన రాత్రి మాత్రం ఏదీ పంపకు, పొద్దున్న లేచి ఇంకోసారి విను. ఇంగ్లీషులో మన ‘ట’ లేదు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో ప్రతి వాక్యంలో వెతుక్కోవాలి. దొరకలేదంటే దొరకలేదని రాయి. అనలేదని రాయకు, ఆ రెండూ ఒకటి కాదు.

ముక్కల్ని కూడా నమ్మకు. 2010లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే నల్లజాతి ఉద్యోగిని షిర్లీ షెరాడ్ తెల్లరైతు మీద వివక్ష చూపించానని తానే చెప్పుకుందంటూ ఆండ్రూ బ్రైట్‌బార్ట్ అనే వెబ్‌సైటు నడిపే ఆయన మూడు నిమిషాలైనా లేని వీడియో పెట్టాడు. ఆవిడ ఉద్యోగం పోయింది. నలభై నిమిషాలు దాటిన పూర్తి ప్రసంగంలో, ఆ ఆలోచన తప్పని తెలుసుకుని ఆ రైతు పొలం నిలబెట్టడానికి తిరిగానని చెప్పింది. మంత్రి క్షమాపణ చెప్పాడు. నీ ప్రొఫెసర్ ఎంత తొందరపెట్టినా, ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు వినకుండా సంతకం పెట్టకు.

రాత్రి తిండి మానేస్తున్నావని మీ అమ్మ అంటోంది. డెస్కులో నేనూ అలాగే చేసి కడుపు పాడుచేసుకున్నాను. పెరుగన్నమైనా సరే తిని కూర్చో.

ఆ కంట్రిబ్యూటర్ రాసిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. నా ఎర్రగీత వెలిసిపోయింది, కింద ‘ట’ మాత్రం కనిపిస్తోంది. మీ నాన్న పంపే పార్సెల్‌లో ఆవకాయ సీసా వస్తుంది. నూనె అంటకుండా వేరే కవర్లో పెట్టమని చెప్పాను.

పెదనాన్న