షెడ్డులో ట్రాక్టర్ కాలిమీదికి వస్తే తప్పు మెకానిక్‌దేనా?

ప్రశ్న: మా తమ్ముడు 7 ఏళ్లుగా ఒక ట్రాక్టర్ మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్నాడు. తాళం తిప్పినా స్టార్ట్ కాని బండిని, కింద నిలబడి సెల్ఫ్ మోటారుకు స్క్రూడ్రైవర్ ఆనించి స్టార్ట్ చేయబోతే, గేరులో ఉన్న ఆ బండి ముందుకు దూకి, వెనక చక్రం అతని పాదం మీదుగా పోయింది. యజమాని ఆసుపత్రిలో 20 వేలు కట్టి, గేరు చూసుకోకపోవడం అతని తప్పేనని, ఇకమీద ఏమీ అడగనని రాసివ్వమంటున్నారు. సంతకం పెట్టవచ్చా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: పెట్టనివ్వకండమ్మా. పనిలో ఉండగా పని కారణంగా దెబ్బ తగిలితే పరిహారం యజమానే ఇవ్వాలని 1923 నాటి చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే సూత్రం ఉంది. మద్యం మత్తులో ఉండటం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం వంటివి వేరు. గేరు చూసుకోకపోవడం ఏమరుపాటు మాత్రమే, దానివల్ల హక్కు పోదు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం కూడా చెల్లదు. షెడ్డులో 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉండి, మీ తమ్ముడికి ఈఎస్ఐ వర్తిస్తుంటే ప్రయోజనాలు అక్కడి నుంచి వస్తాయి. లేకపోతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయండి. ప్రమాదం పనిచోట జరిగిందని ఆసుపత్రి రికార్డులో రాయించడం మాత్రం ఈరోజే చేయండి.

ఇక తప్పు సంగతి. సీటులో కూర్చుని తాళం తిప్పినప్పుడు, చాలా ట్రాక్టర్లలో గేరు న్యూట్రల్‌లో లేకపోయినా, క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తిరగకుండా ఒక స్విచ్ అడ్డుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో మోటారు టెర్మినళ్లను కలిపితే కరెంటు ఆ స్విచ్‌ను తప్పించుకుని నేరుగా పోతుంది. గేరులో ఉన్న బండి వెంటనే కదులుతుంది. అప్పుడు మెకానిక్ నిలబడి ఉండేది సరిగ్గా పెద్ద చక్రానికి ముందే, ఇంజన్‌ను ఆపే స్టాప్ లివరేమో పైన సీటు దగ్గర ఉంటుంది. రైతు తొందరపెడుతున్నాడని ఇలా కానివ్వడం అలవాటైన షెడ్డులో, ఆ తప్పును ఒక్క మెకానిక్ మీదికి నెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది. బ్యాటరీ టెర్మినళ్లు, వైర్లు, క్లచ్ స్విచ్ ముందు చూడాలి. మోటారు మీదే అనుమానముంటే దాన్ని విప్పి బల్ల మీద పరీక్షించాలి. మీ తమ్ముడు కోలుకుని తిరిగి పనికి వెళ్లిన రోజున, అక్కడి కుర్రవాళ్లకు ఈ మాట అతని నోటితోనే చెప్పించండి.