మేనల్లుడికి ఉత్తరం: విందుకు ఒక మంచి ఎర్ర వైన్

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

వచ్చే శనివారం మీ ఆఫీసు మిత్రులను భోజనానికి పిలిచావనీ, వేటమాంసంతో పాటు ఏదైనా కుటుంబం సొంతంగా చేసిన మంచి ఎర్ర వైన్ పెట్టాలని ఉన్నా సీసాకు 15 డాలర్లు మించకూడదనీ రాశావు. ఆ ధర గురించి సంకోచించనక్కరలేదు. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోకు దగ్గరలోనే ఉన్న క్లార్క్స్‌బర్గ్‌లో బోగల్ కుటుంబం తయారుచేసే పెటీట్ సిరా అనే ఎర్ర వైన్ తీసుకో. సాధారణంగా 10, 12 డాలర్లకే దొరుకుతుంది.

బోగల్ వారు తరతరాలుగా అక్కడి శాక్రమెంటో నది డెల్టా నేలను నమ్ముకున్న రైతులు. 1968లో వారెన్ బోగల్, ఆయన కుమారుడు క్రిస్ కలిసి 20 ఎకరాలలో ద్రాక్ష నాటారు. మొదట్లో పంటను ఇతరులకు అమ్మి, 1979 నుంచి సొంతంగా వైన్ చేయసాగారు. క్రిస్ మరణించాక ఆయన భార్య ప్యాటీ ఆ బరువు మోశారు. ఆ తరువాత బాధ్యత పిల్లల చేతికి వచ్చింది. గట్లు పోసి ఏటి నుంచి కాపాడుకుంటున్న ఆ పొలాలను చూసినప్పుడల్లా నాకు మన కోనసీమ గుర్తుకొస్తుంది.

ఇక ద్రాక్ష సంగతి. పెటీట్ సిరా అసలు పేరు డ్యూరిఫ్. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో సిరా, పెలూర్సాన్ అనే రెండు రకాల కలయికతో పుట్టింది. పండు చిన్నది, రసంతో పోలిస్తే తొక్క వాటా ఎక్కువ. రంగూ వగరూ తొక్కలోనే ఉంటాయి కనుక ఈ వైన్ నేరేడు రసంలా చిక్కగా, నిండుగా ఉంటుంది. వగరు అంటే భయపడకు. మాంసంలోని కొవ్వూ మాంసకృత్తులూ దాన్ని మెత్తబరుస్తాయి. విడిగా తాగితే నాలుకను పట్టేసే వైన్, మాంసంతో కలిసినప్పుడు ఎంతో సౌమ్యంగా అనిపిస్తుంది.

అయితే కారం విషయంలో జాగ్రత్త. ఒకసారి మా ఇంట గుంటూరు మిరపకాయలు దట్టించిన కోడి వేపుడుతో ఇదే వైన్ పోశాను. ఆల్కహాలూ వగరూ కలిసి కారాన్ని రెట్టింపు చేయగా, అతిథులు గ్లాసులు పక్కన పెట్టి మజ్జిగ అడిగారు. ఆ తప్పు నువ్వు చేయకు. మిరియాలతో మితంగా వేయించిన మాంసం, ఖీమా, నిప్పుల మీద కాల్చిన మాంసం దీనికి చక్కగా సరిపోతాయి. పులుసులు, పచ్చళ్లు తరువాత వడ్డించుకోవచ్చు.

వేరే సీసా ఏదైనా చేతికి తీసుకుంటే దాని చీటీని శ్రద్ధగా చదువు. అమెరికా నిబంధనల ప్రకారం ద్రాక్ష రకం పేరు వేయాలంటే కనీసం 75 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. క్లార్క్స్‌బర్గ్ వంటి గుర్తింపు పొందిన ప్రాంతం పేరు వేయాలంటే 85 శాతం ద్రాక్ష అక్కడ పండినదై ఉండాలి. ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ (తయారుచేసి సీసాల్లో నింపినవారు) అని ఉంటే అందులో కనీసం 75 శాతాన్ని ఆ సంస్థే పులియబెట్టిందని అర్థం. ‘సెల్లార్డ్’ అనో ‘వింటెడ్’ అనో ఉంటే ఆ హామీ లేదు. కుటుంబం చేసిన వైన్ కావాలనుకునే నీకు ఈ ఒక్క మాట చాలా ఉపయోగపడుతుంది. కాలిఫోర్నియా అని మాత్రమే ఉన్నంత మాత్రాన చెడ్డదని అనుకోకు, వేర్వేరు ప్రాంతాల పంటను కలిపి ఉండవచ్చు, అంతే.

వడ్డించడానికి అరగంట ముందు మూత తీసి, వెడల్పాటి గాజు కూజాలోకి వంపి గాలి తగలనివ్వు. గది వేడి ఈ వైన్‌కు ఎక్కువ. అంతకు ముందు 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే ఆల్కహాలు ఘాటు తగ్గుతుంది. 750 మిల్లీలీటర్ల సీసా ఐదు గ్లాసులకు సరిపోతుంది, గ్లాసులో మూడో వంతే పొయ్యి. కారు నడిపి ఇంటికి వెళ్లవలసినవారిని ముందే అడిగి తెలుసుకో, తాగనివారికి దానిమ్మ రసం సిద్ధం చెయ్యి. మిగిలినదానికి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. ఆదివారం నేను వచ్చేటప్పటికి ఒక గ్లాసైనా మిగల్చు.

మీ మామయ్య